పొడుగు గొట్టం

యేసురాజుకు ఊపిరి అందట్లేదని, ఇంట్లోనే సిలిండరు పెట్టించారని పక్కింటి అప్పలకొండమ్మ మల్కాజ్‌గిరి స్టేషన్ దాకా చెప్పి వచ్చిందట. అది విని ఎమిలీకి నవ్వు రాలేదు.

సిలిండరున్న మాట నిజమే. దాన్ని వీపుకు కట్టుకుని, గొట్టం నోట పెట్టుకుని, ఆమె మొగుడు హాల్లో నిలబడి మెడ అటూ ఇటూ తిప్పుతున్నాడు. రేపటి నుంచి రిజర్వాయరు అడుగున, నీళ్లలో మునిగి చేసే పని. అతనితో జోడీగా దిగేది కొత్త మనిషి.

"పాత గొట్టం పొట్టిగుండె. తల తిప్పితే దవడ గుంజుతుండె," అన్నాడు నోట్లోది తీసి. "ఇది పొడుగు. చంక కిందికెళ్లి తెచ్చి మెడ చుట్టు తిప్పిన. ఇప్పుడు హాయిగుంది."

"మెడ చుట్టా?" అంది ఎమిలీ. "దవడ నొస్తే నొయ్యనీ, పొట్టిదే పెట్టుకోండి. గింత పొడుగుంటే, తన గాలి అయిపోయినప్పుడు ఆ కొత్తాయన గుంజుకుంటడు."

యేసురాజు గడ్డం కింద తాడుకు వేలాడుతున్న రెండో గొట్టం చూపించాడు. "ఇంకోటుంది గద."

"అయితే అదే ఆయనకియ్యండి. మీ నోట్లోది ఎవరూ ముట్టొద్దు."

"ముక్కు మూసుకో. ఊపిరి బిగబట్టు. ఇగ ఆగలేననుకున్నప్పుడు నా దగ్గర గాలి తీసుకో," అని అతను తనది మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

ఎమిలీ బిగబట్టింది. చెవులు హోరెత్తాయి. కళ్ల ముందు నల్లటి నీళ్లు కదిలాయి. ఇక ఆగలేక మీదపడి, అతని నోట్లోదే లాగి తన నోట్లో పెట్టుకుని పీల్చింది.

తేరుకునేసరికి యేసురాజు గడ్డం కిందిది అందుకుని నింపాదిగా పీలుస్తున్నాడు. పొడుగు గొట్టం ఇద్దరి మధ్యా వదులుగా ఊగుతోంది.

"ఆయన సుత గిట్లనే గుంజుతడా?" అంది ఎమిలీ.

"పెండ్లానివి, నువ్వే ఆగలే. ఆయనెట్ల ఆగుతడు?"