అరచేతంత టేకు

గిలకలదిండి హార్బర్‌లో వేలం అయిపోయింది. మిగిలిన చిన్నాచితకా చేపలను కోళ్లమేత కోసం లారీలోకి ఎత్తుతున్నారు.

ఆ కుప్పలో యశస్వినికి అరచేతంత టేకు చేప ఒకటి కనిపించింది. పళ్లెంలా పరుచుకున్న ఒళ్లు, వెనక తోక.

టేకు చేపల మీద పరిశోధన చేస్తూ ఆమె ఎనిమిది నెలలుగా గుడివాడ నుంచి ఇక్కడికి వస్తోంది. తోకకు విషపుముల్లుండే ముళ్లటేకు పిల్ల అయి ఉంటుందనుకుని మళ్లీ కుప్పలో వేయబోయింది.

"పిల్ల కాదమ్మా అది. దాని ఎదుగుదలే అంత."

పక్కన చేపల సంచీతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తన పేరు భావనారాయణ అని, పెడనలో కలంకారీ అచ్చులు చెక్కుతానని చెప్పాడు.

టేకుల గురించి మీకెలా తెలుసని అడిగింది యశస్విని.

"నేను చెక్కేదీ టేకేనమ్మా" అని నవ్వాడాయన.

తను చదివే చదువే ఇదని ఆమె కాస్త బిగువుగానే చెప్పింది.

ఆయన నొచ్చుకోలేదు. ఒకసారి తోక నిమిరి చూడమన్నాడు.

నిమిరింది. విషపుముల్లు లేదు. తోక కొరడాలా సన్నగా లేదు, లావుగా ఉంది. దాని చివర ఒకదాని వెనక ఒకటి రెండు బుల్లి రెక్కలు. వీపు మధ్యలో వరసగా కొక్కేల్లాంటి చిన్న ముళ్లు.

ఆయన చేపను వెల్లకిలా తిప్పాడు. తోక మొదట్లో రెండు పక్కలా పొడవాటి కాడలున్నాయి.

"మగది. ఆ కాడలు నొక్కమ్మా. మెత్తగా ఉంటే పిల్ల."

గట్టిగా ఉన్నాయి.

యశస్విని ఒళ్లు పులకరించింది. ముళ్లటేకైతే పిల్లలను కంటుంది. ఇది గుడ్లు పెట్టే జాతి, ఇన్నాళ్లూ ఆమె వెతుకుతున్న జాతి. ఈడొచ్చినా అరచెయ్యి దాటనిది.

చేపను ఐసు పెట్టెలో జాగ్రత్తగా సర్ది తలెత్తేసరికి భావనారాయణ ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఆమె కృతజ్ఞతలైనా చెప్పలేదు.

అక్కడి నుంచే తన ప్రొఫెసర్ మల్లికార్జునరావుగారికి వీడియో కాల్ చేసి, చేపను అటూ ఇటూ తిప్పి చూపించింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఎలా గుర్తుపట్టావని అడిగారు.

పెడన భావనారాయణగారి గురించి, తన బిగువు గురించి కూడా ఆమె దాచకుండా చెప్పేసింది.

ప్రొఫెసర్‌గారి ముఖమంతా నవ్వయింది.

"రేపు నన్ను కూడా పెడన తీసుకెళ్లమ్మా" అన్నారు. "నలభై ఏళ్ల కిందట మా గురువుగారికి చేపల బొమ్మలన్నీ వేసిపెట్టింది ఆయనే, నేను టేకులను గుర్తుపట్టడం నేర్చుకుంది ఆ బొమ్మలు చూసే."