లేసక్క

“ఈ ఫోను బొమ్మ ఎవరు పెట్టమన్నారమ్మాయ్ నిన్ను?” చంద్రరావు సెల్లు బల్లకేసి కొట్టినంత పని చేశాడు.

“మీరేనండి. యాప్‌లోంచే కాల్ చేసుకోవాలి, మెసేజ్ పెట్టుకోవాలి అన్నారు,” అంది కౌముది. రాజమండ్రి నుంచి వచ్చిన ఆ పిల్లే యాప్ తయారు చేసింది.

“నేను లేసు అల్లేవాళ్ళని పిలవడానికన్నాను. నా కొంప ముంచడానికి కాదు!”

నరసాపురం చుట్టుపక్కల నూట నలభై మంది ఆడవాళ్ళు ఆయనకి లేసు అల్లుతారు. ఒక ఊళ్ళో పువ్వులు అల్లితే ఇంకో ఊళ్ళో అతుకుతారు. ఎవరి పని ఎవరికి చేరుతుందో చంద్రరావుకి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ఆయన బతుకంతా ఆ గుట్టు మీదే నడుస్తోంది. కూలి పెంచమంటే మాత్రం మహానుభావుడికి చెవుడొచ్చేస్తుంది. అలాంటిది, యాప్‌లో కాల్ బటన్ వచ్చి నెల తిరక్కుండానే ‘లేసక్క’ అని పేరు పెట్టుకున్న మనిషెవరో అందరికీ ఫోన్లు చేసి, ఎక్కువ కూలి ఇస్తానని లాగేస్తోంది. అప్పుడే అరవై మంది వెళ్ళిపోయారు.

“దాని నంబరు తియ్యి!”

“కనపడదండి. ఒకళ్ళ నంబరు ఒకళ్ళకి తెలియకూడదని మీరే దాయించారు కదా!” కౌముదికీ కోపం వచ్చింది.

“ఏంటండీ ఆ అరుపులు? మళ్ళీ బీపీ పెరుగుద్ది.” ఆయన భార్య కాఫీ గ్లాసులు తెచ్చింది.

“వ్యాపారం మాటలు నీకెందుకు? లోపలికెళ్ళు!”

ఆవిడ గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఇంతలో వీరమ్మ వచ్చి, సంచిలోంచి దారం ఉండలు తీసి అరుగు మీద పెట్టింది. “ఇంక మీ పని చెయ్యనండి.”

“నువ్వు కూడానా? పదిహేనేళ్ళు నా లేసు అల్లావు, సిగ్గులేదూ?”

“నాకెందుకండి సిగ్గు? కళ్ళు పోయేలా అల్లినా మీరు రూపాయి పెంచలేదు. లేసక్క అడక్కుండానే పెంచిందండి. ‘కళ్ళెలా ఉన్నాయి వీరమ్మా’ అని కూడా అడిగింది. మీరెప్పుడైనా అడిగారా?”

చంద్రరావుకి అరికాలి మంట నెత్తికెక్కింది. వీరమ్మ చేతిలో ఫోన్ లాక్కుని, లేసక్క పేరు నొక్కి, స్పీకర్ పెట్టాడు.

“బాబ్బాబు, ఆవిణ్ణేమీ అనకండి!” అంటూ వీరమ్మ అడ్డం పడింది.

రెండో రింగుకే అవతల ఫోన్ ఎత్తారు.

“ఎవతివే నువ్వు?” వీధంతా వినపడేలా అరిచాడు చంద్రరావు. “నా మనుషుల్నే లాక్కుంటావా? దమ్ముంటే వచ్చి నా గుమ్మం తొక్కు, నీ తాట తీస్తాను!”

“మీ గుమ్మం తొక్కి ఇరవై రెండేళ్ళయిందండీ. వంటింట్లోనే ఉన్నాను, రండి.”