రెండు గంటలకోసారి

ఆ ఆదివారం ఉదయం ఇంట్లో నలుగురున్నారు. మంచం దిగలేని మామగారు, యేసు గుడిలో పాటలు పాడే ఆడపడుచు, బడిపిల్లల్ని ముప్పై ఏళ్ళు వణికించి రిటైరైన సంఘపెద్ద, కోడలు. కోడలి భర్త లారీ ఎక్కి వెళ్ళి మూడు రోజులయింది.

"నాలుగు ఆదివారాలు" అన్నాడు పెద్ద, వేసిన కుర్చీలో కూర్చోకుండానే. "నాలుగు ఆదివారాలు గుడికి రాలేదు. ఎందుకమ్మా?"

వరసగా నాలుగు వారాలు మానినవాళ్ళని ఇంటికి వచ్చి అడగడం ఆయన పని. ఆయనకి జవాబు సరిగ్గా లేదనిపిస్తే వాళ్ళు నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్లలో పాలు పొందడానికి వీల్లేదు. ఇవాళ తొమ్మిదిన్నరకి ఆరాధన, బల్ల. పోయిన నెల కూడా కోడలికి ఆ రొట్టె ముక్క అందలేదు.

"రెండు గంటలకోసారి మామయ్యని పక్కకి తిప్పాలండీ. లేకపోతే వీపు పుండు పడుతుంది. తొమ్మిదికి తిప్పితే మళ్ళీ పదకొండుకి. ఆరాధన పన్నెండు దాకా ఉంటుంది."

"మాస్టారు వస్తున్నారనగానే మంచి బట్టలు కట్టుకోడానికి మాత్రం టైము దొరికిందే వదినా!" అంది ఆడపడుచు. "దేవుడి మీద ప్రేమ ఉండాలి గానీ, టైముదేముంది?"

పెద్ద ఆమె వైపు తిరిగాడు. "పోనీ, నువ్వు కాసేపు కూర్చోకూడదా?"

"నేనా? అయ్యో మాస్టారూ, నాన్నని అలా చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. పైగా నేను లేకపోతే పాట ఎత్తుకునేదెవరు?"

"నువ్వు ఎత్తుకుంటే కళ్ళు తిరిగేది మాకే తల్లీ" అన్నాడు మామగారు మంచం మీద నుంచి.

ఎవరూ నవ్వలేదు. తొమ్మిదయింది. కోడలు లేచి, కొంగు దోపుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. సగం దాకా వంగి, నడుం పట్టేసి ఆగింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ వంగింది.

పెద్ద కూడా వెనకే వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడు ఎటు?"

"కుడివైపండీ."

"ఎలా తిప్పుతావు?"

"వీపు కింద ఈ దుప్పటి మడత ఉంటుందండీ. ముందు మోకాలు వంచాలి. తర్వాత మడత పట్టుకుని మన వైపుకి లాగాలి. మనిషిని పట్టుకుని లాగితే చర్మం ఒరుసుకుపోతుంది."

"ఇస్త్రీ బట్టలకి కూడా ఇంత మర్యాద ఉండదు మాస్టారూ" అన్నాడు మామగారు. "బట్టని తిప్పినట్టు తిప్పుతుంది. ఒక్క ముడత ఉండనివ్వదు."

"మీరు మాట్లాడకండి మామయ్యా, ఆయాసం వస్తుంది."

"దిండ్లు ఎన్ని?" పెద్ద గొంతులో ఏ మార్పూ లేదు.

"రెండండీ. వీపు వెనక ఒకటి, మోకాళ్ళ మధ్య ఒకటి."

"తర్వాత?"

"మడమలు చూడాలి. ఎర్రబడితే కింద మెత్తటి గుడ్డ పెట్టాలి. నీళ్ళు చెంచాతోనే. గ్లాసుతో పోస్తే పొరబోతుంది."

"మళ్ళీ మొదటినుంచి చెప్పు."

కోడలికి ఎక్కడ తప్పు చెప్పిందో అర్థం కాలేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఆయన దుప్పటి మడత పట్టుకుని లాగి చూశాడు. గట్టిగా ఉందో లేదో చూస్తున్నాడనుకుంది. ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇదంతా ప్రేమతోనే చేస్తున్నావా?" అడిగాడు పెద్ద.

అవునంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో బల్లకి అడ్డు పోయేదేమో కూడా. కానీ ఆమెకి అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు.

"లేదండీ. తెల్లవారుజామున మూడింటికి లేస్తే ఏ ప్రేమా గుర్తు రాదు. విసుగొస్తుంది. ఒక్కోసారి దిండు విసిరికొట్టాలనిపిస్తుంది."

"విన్నారా మాస్టారూ? తన నోటితోనే అంది!"

"మరి ఎందుకు చేస్తున్నావు?"

"ఆయన చెయ్యమన్నాడు కదండీ."

"ఎవరు, మీ ఆయనా?"

కోడలు తల అడ్డంగా ఊపింది. "పైన ఉన్నాయన. నేను ఎలాంటిదాన్నో తెలిసి కూడా నన్ను వదల్లేదు. అంత చేసినవాడు ఒక మాట చెబితే ఎలా కాదంటాను? సంతోషంగా చెయ్యడం నాకింకా రావట్లేదు. చెయ్యడం మాత్రం మానలేదు."

పెద్ద గోడ గడియారం వైపు చూశాడు.

"ఇవాళ బల్ల ఉంది. తెలుసా?"

"తెలుసండీ. మీరు వద్దంటే బల్ల లిస్టులోంచి నా పేరు తీసెయ్యండి. ఎటూ నేను రాలేను కదా."

"ఊఁ" అన్నాడాయన. అవుననో కాదనో తెలియలేదు.

"పదండి మాస్టారూ, ఆలస్యమైపోతోంది. మీరొచ్చి అడిగినా మా వదిన తీరు ఇంతే" అంటూ ఆడపడుచు బయటికి నడిచి చెప్పులు వేసుకుంది. ఇంటికొచ్చిన పెద్దమనిషిని సాగనంపకపోతే బాగుండదని కోడలు కూడా తడి చెయ్యి తుడుచుకుంటూ గడప దాటింది. వాకిట్లో ఎండ ముఖాన కొడితే కళ్ళు మూతలు పడ్డాయి. ఎన్ని రోజులయిందో పగలు బయట నిలబడి.

వెనక్కి తిరిగితే పెద్ద ఇంకా గడప లోపలే ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుస్తున్నాడు.

"పదకొండింటికి ఎడమవైపే కదమ్మా?"

"అవునండీ, ఎడమవైపే. ఎందుకండీ?"

"నడు మరి, బల్ల టైమవుతోంది" అని ఆయన ఆమె ముఖం మీదే తలుపు వేసేసి లోపల గడియ పెట్టుకున్నాడు.