బాయిల మందు

"ఆ ఆడమనిషి మన బాయి దిక్కే వస్తున్నది. నాకెందుకో గుండె దడదడమంటున్నది," అంది సుగుణమ్మ.

"నీకు గాలి ఇసురుగ కొట్టినా దడనే," అన్నాడు మొగుడు శాంతయ్య.

పత్తికి మందు కొట్టి వచ్చి, బాయి గట్టు మీద పంపు కడుగుతున్నాడతను.

సుగుణమ్మ దడకు కారణముంది. ఆరేళ్ల బిడ్డ దీపిక నెల రోజుల నుంచి ఏం తిన్నా కక్కుకుంటున్నది. మల్దకల్‌లో సూదులు వేయించినా తగ్గలేదు.

వచ్చినామె పేరు దేవమ్మ. అమ్రాబాద్ అడివి దిక్కు మనిషి. నీళ్లు పరీక్ష చేసే ఒక సంస్థలో పని. భుజాన సంచి, సంచినిండా సీసాలు.

"అక్కా, జర ఈ బాయి నీళ్లు పట్టుకపోత."

నాలుగు సీసాలు నింపింది. ఒకటి వాసన చూసి మొహం చిట్లించింది.

"అక్కా, ఈ బాయిల మందున్నట్టుంది. తాగకుండ్రి."

ఆ ఒక్క మాట చాలింది.

ఆ ఊళ్లో పురుగుకు కొట్టేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే. గిట్టనోళ్లకు మంత్రించి పెట్టేదీ మందే.

సుగుణమ్మకు మూడోదే వినపడింది.

"ఓయమ్మో! బాయిల మందు పెట్టిందంట!"

గడియలో వాడంతా వచ్చి మూగింది.

"పెట్టుడు గాదక్కా, పత్తి మందు! గట్టు మీద పంపులు కడిగితె ఆ నీళ్లు బాయిలకే దిగుతయి. మందు కొట్టిన చేన్ల నుంచి వాన నీళ్లు గూడ గిందులకే..."

"తాతల కాలం సంది తాగుతున్నం. నువ్వొచ్చినంకనే చెడిపోయిందా?" అన్నాడు పెద్దమనిషి వెంకటన్న.

"తాతల కాలంల ఈ మందులు లేవు గదన్నా."

"మాకు సేద్యం నేర్పనీకె వచ్చినవా?"

"అడివిదానికి వేర్లు, పసర్లు అన్నీ ఎరుకే. సంచిల ఏమున్నదో సూడుండ్రి!" అంది పక్కింటి బాలమణి.

సంచి గుంజారు. సీసాలు బండకు కొట్టారు. ఎవరో విసిరిన రాయి దేవమ్మ నుదుటికి తగిలింది.

సుగుణమ్మ ఆమె భుజాలు పట్టి ఊపింది.

"నిజం చెప్పు! నా బిడ్డ నీ మందుకే గిట్లయితున్నదా?"

"నేనేం పెట్టలేదక్కా. నీ బిడ్డ మీదొట్టు."

"పెట్టలేదంటున్నది గద. ఇగ నీళ్లకేం భయం?" అని బాలమణి బొక్కెన బాయిలోకి వదిలింది.

దేవమ్మ నెత్తురు తుడుచుకుంటూ ఆ బొక్కెననే చూసింది.

"పెట్టిన," అంది. "నేనే పెట్టిన."

బాలమణి చేతిలో తాడు జారిపోయింది.

"రెండు వానకాలాలు పోయేదాంక ఈ నీళ్లు ముట్టొద్దు. పసులకు గూడ తాపొద్దు. బాయికి యాభై గజాల లోపల పంపు కడిగినా, మందు డబ్బ పడేసినా, గట్టు మీది గడ్డి చెక్కినా నా మందు ఇంకింత లేస్తది!"

సడక్ దాకా తరిమి తరిమి కొట్టారు.

ఐదో తరగతి చదివిన సుగుణమ్మే ఆ రోజు సంస్థకు కాయితం రాసింది. మీ మనిషి మందు పెట్టిన అని అందరి ముందర ఒప్పుకున్నది, ఉంచితే మేం ఊరుకోం అని. కింద వాడోళ్లందరి వేలిముద్రలు.

బాయి చుట్టూ ముళ్లకంప కొట్టారు. అర కోసు దూరం బోరింగు నుంచి నీళ్లు మోశారు. శాంతయ్య చేను నడుమ గుంత తీసి పంపు అక్కడే కడిగాడు. గట్టు మీద గడ్డి మోకాలెత్తు పెరిగినా ఎవరూ కొడవలి పెట్టలేదు.

"దాని చేతులు పడిపోను!" బిందె ఎత్తుకున్నప్పుడల్లా తిట్టేది సుగుణమ్మ.

దీపిక కక్కుడు ఆగింది. బీచుపల్లిలో కట్టించిన తాయెత్తు పని చేసిందనుకున్నారు.

రెండు నెలలకు సంస్థ నుంచి సుదర్శన్ సారు వచ్చాడు.

"మీరు పగలగొట్టంగ మిగిలిన ఒక్క సీస దేవమ్మ మాకు తెచ్చిచ్చింది. పరీక్ష చేయించినం. ఈ నీళ్లల్ల ఉన్నది మీరు పత్తికి కొట్టే మందే. చిన్న పిల్లలు తాగితె పానానికే ముప్పు."

"మరి ఆమె?" అన్నాడు వెంకటన్న.

"మీ కాయితం సూసి నౌకరిల నుంచి తీసేసిండ్రు. నేను అమ్రాబాద్ పోయి అడిగిన. ఎటు పోయిందో ఎవరికీ తెల్వదు."

సుగుణమ్మ దీపికను దగ్గరికి లాక్కుంది.

"పెట్టనిదానికి పెట్టిన అని ఎందుకొప్పుకున్నది సారు?"

బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటన్న కంప దిక్కు చూస్తూ నిలబడ్డాడు.

జవాబు శాంతయ్యే చెప్పాడు.

"ఉన్నమాట చెప్తె మనం ఈ నీళ్లు తాగుడు ఆపలేదు గదనే."