చంద్రుడి మీద బావి

చంద్రుడి మీద మొట్టమొదటి బావి తవ్వింది మెట్‌పల్లి వాళ్లే. రష్యా వాళ్లు ఇంకా అక్కడికి దారి వెతుక్కుంటుండగానే మనవాళ్లు గడ్డపారలతో దిగి, నిలువులకు నిలువులు తవ్వేశారు. గడ్డ మీద ఒక చంటిపిల్ల నీళ్లు లేక దూపకు ఏడుస్తోంది. అడుగున తడి మట్టి తగిలింది. కైలాసం గడ్డపార ఎత్తాడు.

"బంద్ చెయ్!" అన్నాడు షావుకారు లింగమూర్తి.

గడ్డపార గాల్లోనే ఆగిపోయింది. నిజం చెప్పాలంటే కైలాసం చేతిలో గడ్డపారా లేదు, కాళ్ల కింద చంద్రుడూ లేడు. మెట్‌పల్లి బీడీల కార్ఖానాలో, ఒళ్లో చాటలు పెట్టుకుని తునికాకు చుడుతున్న ఆడవాళ్ల ముందు పీట మీద కూర్చుని కథ చెబుతున్నాడు, అంతే. ఆడవాళ్లు ముచ్చట్లలో పడి పని పాడు చెయ్యకుండా షావుకారు ఇద్దరు కథలోళ్లను కూలికి పెట్టుకున్నాడు. పొద్దున కైలాసం చంద్రుడు, మధ్యాహ్నం ముసలి సిద్దిరాములు పాతాళం. ఆ పాతాళంలో ఇనుప మనుషుల ఊరొకటి ఉంది.

"ఏమైంది సావుకారీ?"

షావుకారు రెండు బీడీలు పైకెత్తి చూపించాడు. "గిది నీ పూట చుట్టింది. ఒత్తితే తంబాకు రాలుతున్నది. గిది సిద్దిరాములు పూటది. చూడు, ఇనుప సలాక లెక్కున్నది. నీ కథల రాకెట్ లేస్తే అందరి చేతులు లేస్తున్నయ్. పిల్ల ఏడిస్తే ఆకులు తడుస్తున్నయ్. ఇగ నీ చంద్రుడు బంద్. రెండు పూటలు సిద్దిరాములే చెప్తడు."

భూమవ్వ ఒళ్లో చాట కింద పెట్టింది. "సావుకారీ, గా ఇనుపోళ్లకు ఆకలి లేదు, దూప లేదు, అత్త పోరు లేదు. వాళ్లకేమైతే మాకేంది? చెవి ఇంటది, చెయ్యి దాని పని అది చేసుకుంటది. చంద్రుడి మీదోళ్లు గట్ల గాదు. పాణం కొట్టుకుంటది."

"గందుకే బంద్ అంటున్న! కథ మంచిగుంటే నాకు నష్టం."

ఊళ్లో మగ్గాలకు నూలు రావడం లేదు. ఈ పీట పోతే కైలాసం ఎక్కడో ఉన్న భీవండి బట్టల మిల్లుకు పోవడమే. ఇంట్లో పెళ్లాం ఐలవ్వకేమో నెలలు నిండాయి.

"సావుకారీ, నీ కాల్మొక్త. గా పిల్లకు నీళ్లన్న తాపనియ్యి. అటెన్క నేనే లేస్త."

"నువ్వు నీళ్లు తాపేసరికి నా కార్ఖాన మునుగుతది. లే!"

లేచాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. సిద్దిరాములు గొంతు సవరించుకుంటూ వచ్చి, అతని మొహం కూడా చూడకుండా పీట మీద కూర్చున్నాడు. ముసలోడు నా జాగా మీద ఎప్పుడు కన్నేసిండో అనుకుంటూ కైలాసం తలుపు దాకా నడిచాడు.

"ఇనుప మనుషులు ఎప్పటి లెక్కనే సమ్మెటలు కొడుతుండ్రు," మొదలుపెట్టాడు సిద్దిరాములు. "ఢాం! ఢాం!"

వేళ్లు ఆకుల మీద ఆడసాగాయి. షావుకారు మీసం దువ్వుకున్నాడు.

"గప్పుడే పెద్ద ఇనుపోడు చెయ్యెత్తిండు. అందరు సమ్మెటలు ఆపిండ్రు. చప్పుడు మాత్రం ఆగలే."

"ఎక్కడి చప్పుడు?" అంది ఓ మూల నుంచి పోశవ్వ.

"పైనుంచి. నెత్తి మీద ఎవరో గడ్డపారతోని తవ్వుతుండ్రు."

కార్ఖానాలో ఒక్క కత్తెర చప్పుడైనా లేదు.

"ఏయ్ సిద్దిరాములూ!" షావుకారు అదిరిపడ్డాడు. "నీది పాతాళం గదా! గా బావి చంద్రుడి మీదున్నది!"

"పాతాళమన్న గని, భూమి కింది పాతాళమని ఎప్పుడన్న అన్ననా? చంద్రుడికి గూడ అడుగుంటది."

"మంచిగ నడిచే కథను ఆగం చేస్తివి గదనయ్యా!"

"ఏం జెయ్యాలె సావుకారీ? నా పూట మధ్యాన్నమే గని, పొద్దుగాల్నే వచ్చి గా గోడ అవుతల నిలవడి ఇంటున్న. గా పిల్లకు నీళ్లు దొరకకపోతే నాకు నిద్ర వట్టది." ముసలాయన తలుపు వైపు తిరిగాడు. "కైలాసం, మా ఇనుపోళ్ల తాన ఊట ఉన్నది, తాగేటోళ్లే లేరు. జర జల్ది తవ్వు తమ్మీ!"

సిద్దిరాములు పక్కకు జరిగాడు. కైలాసం వచ్చి మిగిలిన సగం పీట మీద కూర్చున్నాడు. గడ్డపార దిగింది.

"సరే, ఇద్దరు చెప్పుండ్రి," అని గుర్రుమన్నాడు షావుకారు. "గని పని ఆగిందో, ఇద్దర్ని ఎల్లగొడ్త!"

ఇందులో నేను కల్పించింది ఈ ఆఖరి బెదిరింపు ఒక్కటే. నిజానికి ఆయన నోరే తెరవలేదు. చెప్పులు విడిచి, జర జరగమని భూమవ్వకు సైగ చేసి, ఆడవాళ్ల నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.