చెయ్యెత్తితే ఎగిరే కొంగ

కొంగ మళ్ళీ మాయమైంది.

"పోయింది అత్తా," అంటూ అబిగయీలు చెయ్యి దించేసింది. అసలు ఎత్తిందే జానెడు.

అబిగయీలు జయశీలకు అన్న కూతురు. ఏడేళ్ళ పిల్ల. మైపాడులో ఇసుకదిబ్బ మీద నుంచి దూకి భుజం విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేశారు, ఎముక అతుక్కుంది, భయం మాత్రం వదల్లేదు.

సోమవారానికి చెయ్యి పైకి లేవకపోతే మత్తిచ్చి భుజం వంచాల్సి వస్తుందని నెల్లూరు డాక్టరు చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి పిల్ల చేతిని ఒంటికి ఇంకా గట్టిగా అంటించుకుని తిరుగుతోంది.

అందుకే జయశీల చెన్నైలో సెలవు పెట్టి వచ్చింది. అక్కడ ఆమె ఉద్యోగమే అది, పెద్ద షాపుల్లో మనుషులు చెయ్యి ఊపితే తెర మీద పూలు రాలేట్టు చెయ్యడం.

ఇంటి వెనక రెండు సరుగుడు చెట్ల మధ్య వాళ్ళమ్మ పాత తెల్లచీరను తెరలా కట్టింది. చీర కింద స్టూలు మీద వెబ్‌క్యామ్. కాస్త ఇవతల లాప్‌టాప్, చిన్న ప్రొజెక్టరు. పాప చెయ్యి ఎంత ఎత్తితే తెర మీద నల్లటి కొంగ అంత పైకి ఎగురుతుంది. చెయ్యి కెమెరాకు చిక్కకపోతే కొంగ ఉండదు.

మునిమాపు వెలుగులో, సముద్రపు గాలిలో, ఆ చెయ్యి చిక్కడమే గగనమైపోయింది.

పైగా ఆ ముసలాయన ఒకడు.

పక్కింటి గంగులయ్య దగ్గరికి నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చాడు. ఇంట్లోవాళ్ళంతా తెర ముందు కూర్చుంటే ఆయన మాత్రం రోజూ పోయి తెర వెనక చతికిలబడతాడు.

"తాతా, ఆ పక్క ఏం కనపడద్ది? ఇటు రా," అని పిలిచింది జయశీల.

"నాకు ఈ పక్కే అలవాటు తల్లీ."

తిక్కమనిషి అనుకుంది జయశీల. సినిమాకి పోయి తెర వెనక కూర్చునే రకమని అమ్మ రెబెక్కమ్మతో చెప్పి నవ్వింది కూడా.

శుక్రవారం ఆయన ఉన్నట్టుండి చేతిలో టార్చి వెలిగించాడు. వెనక నుంచి వెలుగు పడి చీరంతా తెల్లబారింది. ఉన్న కాస్త కొంగా కనపడకుండా పోయింది. పాప ఏడుపు మొహం పెట్టింది. జయశీలకు ఒళ్ళు మండింది.

"పిల్ల చెయ్యి పోతా ఉంటే నీకు ఆటగా ఉందా తాతా? రేపట్నుంచి ఇటు రావద్దు."

ఆయన టార్చి ఆర్పి, పంచె దులుపుకుని, పాపను ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

శనివారం సాయంత్రం వచ్చింది. మర్నాడు మధ్యాహ్నమే జయశీలకు చెన్నై రైలు. మిగిలింది ఆ ఒక్క పూటే.

పొద్దు వాలింది. గాలి ఎక్కువగా ఉంది. తెర మీద లేత నీలం ఆకాశం, మధ్యలో వెన్నెల పడ్డట్టు కాస్త తెల్లగా ఉంది. పాప వచ్చి నిలబడింది. జయశీల పక్కనే ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఎత్తమ్మా అని బతిమాలే ఓపిక కూడా ఆమెకు లేదు.

పాప వేళ్ళు కదిలించింది.

కొంగ వచ్చింది.

ఆ రోజెందుకో దాని అంచులు మసకగా, మంచులోంచి వస్తున్నట్టు ఉన్నాయి. పాప చెయ్యి కొంచెం ఎత్తింది. కొంగ కొంచెం లేచింది. చెయ్యి ఆగితే అదీ ఆగింది. చెయ్యి వణికితే, తొందరేం లేదన్నట్టు గాల్లో తేలుతూ ఉండిపోయింది. ఒక్కసారి కూడా మాయం కాలేదు.

"అత్తా, అది నన్నే చూస్తా ఉంది."

నిజమే. కొంగ మెడ తిప్పి పాప వైపు చూసింది. ముక్కుతో రెక్క సవరించుకుంది. అవన్నీ ప్రోగ్రాంలో తను ఎప్పుడు రాసిందో జయశీలకు గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకునే స్థితిలోనూ లేదు. ఆమె తెరను వదిలేసి పాప చేతినే చూస్తోంది.

మోచెయ్యి భుజం దాకా వచ్చింది. ముంజెయ్యి చెవి దాటింది. సముద్రం హోరు ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. పాప చెయ్యి నిటారుగా పైకి లేచింది. కొంగ చీర పై అంచు దాకా పోయి, అక్కడి నుంచి నిజం ఆకాశంలోకి కలిసిపోయింది.

రెబెక్కమ్మ స్తోత్రం స్తోత్రం అంటూ ఏడ్చేసింది. జయశీల పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమెకు అంత సంతోషం ఏనాడూ కలగలేదు.

ఆదివారం పొద్దున చర్చికి పోతూ గంగులయ్య వాకిట్లో ఆగింది. పెద్దాయన్ని అంత మాట అన్నందుకు మనసు పీకుతూనే ఉంది.

"తాత లేడా గంగులన్నా?"

"తెల్లారి బస్సుకే పోయినాడు మా. ఒక ఊరని లేదు, ఫోనూ లేదు. మళ్ళీ ఎప్పుడొస్తాడో."

పేరు కామాక్షయ్య అనీ, ఒకప్పుడు తోలుబొమ్మలాట ఆడించేవాడనీ గంగులయ్యే చెప్పాడు. తన తండ్రి ఉన్నన్నాళ్ళూ ఏటా పిలిపించేవాడట. బొమ్మలన్నీ వరదలో కొట్టుకుపోయాక వట్టి చేతులతో మిగిలాడట.

అయ్యో అనుకుంది జయశీల. "ఈసారి వస్తే, నా కొంగ ఎగిరిందని చెప్పన్నా," అంది.

ఇంటికొచ్చాక డాక్టరుకు పంపుదామని, వెబ్‌క్యామ్ రికార్డు చేసిన నిన్నటి వీడియో తెరిచింది. పాప నడిచొచ్చి నిలబడింది. గాలికి స్టూలు ఒకసారి ఊగింది. కెమెరా వైరు ఊడినట్టుంది, ఆ తర్వాత అంతా చీకటి.

జయశీల వీడియోను వెనక్కి జరిపి మళ్ళీ మొదటి నుంచి చూసింది.

పాప వేలు కదపక ముందే ఆమె కెమెరా ఆగిపోయింది. నిన్న ఆ చేతి వెంట ఆకాశం దాకా ఎగిరింది, రావద్దన్నా వచ్చి తెర వెనక టార్చి పెట్టుకుని కూర్చున్న కామాక్షయ్య వట్టి చేతులు.