పెద్దసారు పుట్టినరోజు

వీడ్కోలు దండ మెడలో ఊగుతుండగానే పెద్దసారు కంప్యూటరమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"నేను పుట్టింది నవంబరు మూడున! మార్చిలోనే రిటైర్మెంటేంటమ్మా?"

"పుట్టినరోజు మీరే ఎక్కించారు కదా సార్, పదకొండు, మూడు అని. కంప్యూటరు మార్చి పదకొండు అనుకుంది."

"నెల ముందు రాయడం నా అలవాటు!"

"రోజే ముందు రాయాలని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను. నాకే పాఠాలా అన్నారు."

పెద్దసారు వెనక్కి తిరిగాడు. గుమస్తాలందరి ముఖాలూ చేటంత అయ్యాయి. ఇన్నేళ్లలో ఆ ఆఫీసులో అంత సంతోషం ఆయన చూడలేదు.

"దిద్దమ్మా," అన్నాడు నీరుగారిపోతూ.

"ఎలా రాయమంటారు?"

"రోజు ముందు... నెల తర్వాత."

ఆమె దిద్దింది. వెనక ముఖాలన్నీ వాడిపోయాయి.

పెద్దసారు దండ తీయబోయాడు.

"జాగ్రత్తగా దాచండి సార్," అంది కంప్యూటరమ్మ. "ప్లాస్టిక్ పూలే, నవంబరుకి పనికొస్తుంది."